ఇద్దరు ఆంథోనీలు, ఒకే టోకెను

సెల్విన్ కంప్యూటరు పగలగొట్టలేదు. ముందు ఆ ఒక్క మాట చెప్పేసి తరువాత మిగతాది చెబుతాను. ఎందుకంటే పాల డెయిరీ దగ్గర సొన్నమ్మ మొదలుపెట్టిన ఈ పుకారు ఇప్పటికే గని కూలీల ఇళ్ల వరుసైన మా లైను దాటి రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టు దాకా పోయింది. పోయేకొద్దీ పెరిగింది కూడా. మొదటి రోజు సెల్విన్ పరీక్ష గదిలో కంప్యూటరును తోసేశాడన్నారు. రెండో రోజు పరీక్ష పెట్టడానికి వచ్చిన సారు మీద చెయ్యి చేసుకున్నాడన్నారు. మూడో రోజుకు తాగి పరీక్షకు పోయాడనీ, పోలీసులు వచ్చారనీ తేల్చేశారు.

"నువ్వు చూసినావా సొన్నమ్మా?" అని అడిగాను.

"నేనెందుకు చూస్తానక్కా, నాకు పాలు పితికే పని లేదా? అందరూ అంటాండారు."

"అందరూ అంటే ఎవరు?"

"ఇంగ నువ్వు లాయరు మాదిరి అడగొద్దు. నీకు తెలీకుండా మన లైనులో ఏముండాది? నువ్వే చెప్పు."

తెలుసు కాబట్టే రాస్తున్నాను. తెలియని కాస్తా తెలుసుకోవడానికి ఈ డెబ్బై రెండో ఏట మోకాళ్లకు నూనె రాసుకుని, బంగారుపేటలో బస్సు మారి కోలారు దాకా పోయి వచ్చాను. సెల్విన్ తాగేవాడు కాడు, ఒకరిని తోసేవాడూ కాడు. జరిగింది అంతకంటే చిన్న విషయం. అందుకే దాన్ని ఎవరూ నమ్మరేమో.

సెల్విన్‌ది మా పక్క ఇల్లు. రెండు ఇళ్లకూ నడిమి గోడ ఒకటే. వాళ్ల అమ్మ హన్నమ్మ దగ్గితే నేను మంచినీళ్లు తాగాలి, అంత దగ్గర. మా బంగారు గని మూసిన ఏడాది సెల్విన్‌కు పంతొమ్మిదేళ్లు. పీయూసీ ముగించి, నాన్న వెనకాలే తానూ దిగుతాననుకున్నవాడు. దిగడానికి ఏమీ మిగలలేదు. కొన్నాళ్లు గోడలకు సున్నాలు వేశాడు, కొన్నాళ్లు కొరియరు సంచీ మోశాడు. చివరకు మాలూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీగా నిలబడ్డాడు. నిలబడ్డాడని ఊరికే అనలేదు. అక్కడ కుర్చీ వేయరట. పన్నెండు గంటలూ నిలబడే. అట్లా పద్నాలుగేళ్లు.

ఆ గేటు దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. ఎవరు వచ్చారు, ఏ బండి, ఎన్నింటికి, ఎవరిని చూడటానికి అన్నీ రాయాలి. సెల్విన్ చేతిరాత ముత్యాలు. లోపలి మేనేజరు ఒకరోజు ఆ పుస్తకం తిరగేసి, "ఇంత శుభ్రంగా రాసేవాడివి గేటులో ఎందుకున్నావు? కంప్యూటరు డిగ్రీ ఒకటి పట్టుకురా, స్టోరు ఆఫీసులో కూర్చోబెడతాను" అన్నాడట.

ఆ "కూర్చోబెడతాను" అన్న మాట పట్టుకుని ముప్పై రెండో ఏట దూరవిద్యలో చేరాడు. రైలులో చదివాడు, గేటులో చదివాడు. ఐదేళ్లకు అన్ని పేపర్లూ దాటుకొచ్చి ఒక్కదాని దగ్గర చిక్కుకున్నాడు. అదే డేటాబేస్. రెండుసార్లు తప్పాడు. వాళ్ల పాఠాలు పాతబడ్డాయనీ, ఆ పాత పాఠాల మీద పరీక్ష పెట్టడం ఈ మే నెలతో ఆఖరనీ యూనివర్సిటీ వాళ్లు కాగితం పంపారు. ఇప్పుడు పోతే ఐదేళ్ల చదువూ పోయినట్టే. అవతల మేనేజరు జూన్ దాకానే ఆ చోటు ఆపుతానన్నాడు.

ఆదివారం ఆదివారం కోలారులో క్లాసు. పాఠం చెప్పేది శశికళ మేడం, మాస్తి దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్ల. క్లాసులో అందరూ ఇరవై ఏళ్లవాళ్లు, సెల్విన్‌ను "అంకుల్, ముందు కూర్చోండి" అనేవాళ్లట. సాయంత్రం వచ్చి మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతుంటే, ఇవాళ ఏం చెప్పారో చెప్పేదాకా నేను లేవనిచ్చేదాన్ని కాను. ఐదో తరగతితో బడి మానేసిన నాకు ఆ చదువు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పక్కింట్లో ఏం ఉడుకుతోందో తెలియకపోతే నాకు అన్నం దిగదు, అంతే.

"ఒక సంగతి ఒక్క చోటనే రాయల్ల పెద్దమ్మా" అన్నాడు ఒకరోజు. "రెండు చోట్ల రాస్తే, ఒక దినం ఒకటి దిద్ది ఇంగోటి మరిచిపోతాము. అప్పుడు రెండూ రెండు చెప్తాయి. ఏది నిజమో కంప్యూటరుకు తెలీదు."

"మన లైనులో ఒక సంగతి పది చోట్ల ఉండాది గదప్పా. పది రకాలుగా ఉండాది."

"అందుకే మన లైనును మేడం ఒప్పుకోదు" అని నవ్వాడు. సెల్విన్ నవ్వితే పై పన్ను ఒకటి వంకరగా కనిపిస్తుంది. ఆ నవ్వు ఇప్పటికి చాలా రోజులయింది చూసి.

ఇంకోరోజు, తెలియనిదానికి కూడా కంప్యూటరులో ఒక గుర్తు ఉంటుందని చెప్పాడు. సున్నా కాదట, ఖాళీ కాదట, తెలియదు అని చెప్పడానికే ఒక గుర్తు.

"ఆ గుర్తు సొన్నమ్మకు నేర్పించు" అన్నాను. "పుట్టినప్పట్నించి తెలీదనే మాట దాని నోట రాలేదు."

పరీక్షలో సగం రాత, సగం చేత. చేతకు ఎవరికి వాళ్లు తమ చుట్టూ ఉన్నదేదో ఒకటి తీసుకుని పట్టికలు కట్టి, ఒకదానికొకటి ముడివేసి చూపించాలి. పిల్లలంతా లైబ్రరీ అనీ, బట్టల అంగడి అనీ తీసుకున్నారు. సెల్విన్ మా లైను తీసుకున్నాడు. గనిలో దిగినవాళ్లు ఒక పట్టిక, వాళ్ల పిల్లలు ఒక పట్టిక. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎప్పుడు దిగారు, ఎప్పుడు పోయారు. చెప్పడానికి నేనున్నాను కదా.

ఎంత సంతోషంగా చెప్పానో! మూడు శనివారాలు, మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా. అరవై నాలుగు ఇళ్లు. ప్రతి మనిషికీ కంప్యూటరులో ఒక గుర్తింపు ఉండాలట, ఇద్దరికి ఒకటే ఉండకూడదట. పేరు పనికిరాదు, ఎందుకంటే మా ఒక్క లైనులోనే ఆంథోనీలు పదకొండు మంది. నల్ల ఆంథోనీ, బ్యాండు ఆంథోనీ, కొళాయి దగ్గరి ఆంథోనీ, ఇట్లా పిలుచుకునేవాళ్లం. అందుకని సెల్విన్ టోకెను నంబరు పట్టుకున్నాడు. దిగేటప్పుడు ప్రతి మనిషీ తీసుకుని, పైకొచ్చాక తిరిగి ఇచ్చే ఇత్తడి బిళ్ల అది. మా లైనులో మనుషులను పేరుతో కంటే ఆ నంబరుతోనే తెలుసుకునేవాళ్లం. చర్చిలో చావుల పుస్తకం రాసేవాళ్లు కూడా ఏ ఆంథోనీయో తెలియడానికి పక్కన టోకెను వేసేవాళ్లు. ఫాదర్‌ను అడిగి సెల్విన్ ఆ పుస్తకం చూసి రాసుకొచ్చాడు.

రాబర్ట్‌సన్‌పేటలో ఇంటర్నెట్టు అంగడిలో కూర్చుని అవన్నీ ఎక్కిస్తుంటే, ఒక మనిషి దగ్గర కంప్యూటరు మొరాయించింది. ఈ నంబరు ముందే ఉంది, మళ్లీ తీసుకోను అంది. సెల్విన్ కాగితం పట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు.

"పెద్దమ్మా, చర్చి పుస్తకంలో తప్పు పడినట్టుండాది. మా నాయన ఆంథోనీ, టోకెను నాలుగు వేల నాలుగు వందల పదిహేడు. రెండు వేల తొమ్మిదిలో పోయినాడు, నేనే కదా మన్ను వేసినాను. ఇదే పేరు, ఇదే టోకెను, డెబ్బై ఎనిమిదిలో కూడా ఒకరిని పూడ్చినట్టు రాసినారు. నేను పుట్టిందే ఎనబై రెండులో."

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన వెంకటరమణప్ప అనేవాడు. ఆ రోజు నానబెట్టి ఉంటే బాగుండేది. నలభై ఏళ్లు నానబెట్టినదాన్ని ఇంకొక్క సాయంత్రం ఆగలేకపోయాను. పిల్లవాడు చదువు కోసం అడుగుతున్నాడు, తప్పు చెప్పకూడదు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నాకు తెలుసు అని చెప్పుకోవాలనే దురద కూడా ఉంది.

"తప్పు కాదప్పా. ఆయన మీ పెదనాయన. ఆంథోనీ అంటే అసలు ఆయనే. ఇరవై ఆరేండ్లకు జరమొచ్చి నాలుగు దినాల్లో పోయినాడు, పెండ్లి కూడా కాలేదు. పోయినాడని గనిలో రాయిస్తే కంపెనీ ఇచ్చిన ఇల్లు వదలల్ల. ముసలి తల్లి యాడికి పోతాది? వి.కోట పక్క పల్లెలో మేకలు మేపుకుంటా తమ్ముడు ఉండినాడు, దేవసహాయమని. పిలిపించినారు. అన్న బూట్లు వేసుకున్నాడు, అన్న టోకెను తీసుకున్నాడు, సోమవారం దిగినాడు. దిగి పైకొస్తే అందరి ముఖమూ నలుపే కదా, ఎవరు చూసినారు? మా ఆయనే వెంటబెట్టుకుని పని నేర్పించినాడు. మన లైనులో అట్ల దిగినోళ్లు ఇంగా ఉండారు."

సెల్విన్ కాగితం మడిచాడు. మళ్లీ విప్పాడు.

"అయితే దేవసహాయం ఏమైనాడు పెద్దమ్మా?"

"ఏమైతాడు? ముప్పై ఏండ్లు మీ ఇంట్లోనే ఉండినాడు. నిన్ను ఎత్తుకుని తిప్పినాడు."

"కాదు. కాగితంలో. దిగినట్టు లేదు, పెండ్లయినట్టు లేదు, సచ్చినట్టు కూడా లేదే."

"ఇంగ కాగితంలో ఎట్ల ఉంటాదప్పా."

"సమాధి రాయి మీద?"

"దాని మీదా ఆంథోనీ అనే గదా. నువ్వే చెక్కించినావు."

అవును అన్నట్టు తల ఊపి లేచి వెళ్లిపోయాడు. కాఫీ అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి గోడకు అవతల నుంచి హన్నమ్మ గొంతు వినిపించింది. మర్నాడు పొద్దున నీళ్ల దగ్గర హన్నమ్మ నా బిందెకు తన బిందె తగలకుండా ఎడంగా జరిపింది.

"నలబై ఏండ్లు మూసిపెట్టినాను మునెమ్మా. మొగుణ్ని వాని సొంత పేరుతో ఇంట్లో ఒక్కసారి కూడా పిలవలేదు, గోడకు చెవులుంటాయని. ఆ చెవి నీదే. నోరు కూడా నీదే అయింది."

నేను నా బిందె ఎత్తుకుని వచ్చేశాను.

తరువాత సంగతి శశికళ మేడం చెప్పగా తెలిసింది. కోలారులో ఆమెను వెతికి పట్టుకుని, నేను సెల్విన్ పెద్దమ్మనని చెబితే, మెట్ల మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. మంచి పిల్ల. చేతికి ఇంకా సుద్ద అంటుకుని ఉంది.

సెల్విన్ ఆ ఇద్దరి గొడవా ఆమెకు ముందే చెప్పాడట. ఆమె దారి చూపించింది. "టోకెను వద్దండీ, మీరే వరుసగా ఒక నంబరు వేసుకోండి" అంది. అట్లా పెదనాన్న పదిహేడో నంబరు అయ్యాడు, నాన్న నలభై ఒకటి. పిల్లల పట్టికలో సెల్విన్ పేరు ఎదుట, చెల్లెలు ఏంజెలిన్ పేరు ఎదుట తండ్రి నలభై ఒకటి అని వేసుకున్నాడు. కంప్యూటరు ఒప్పుకుంది. రాత పరీక్ష ఈసారి బాగా రాశాడు. చేత పరీక్ష ఒక్కటే మిగిలింది.

"ఆ దినం బయటి నుంచి ఒక సారు వచ్చినారమ్మా" అంది మేడం. "ఆయన చెడ్డాయన ఏమీ కాదు. ముప్పై మందిని సాయంత్రం లోపల చూసి పోవల్ల. సెల్విన్ గారి పట్టిక చూసినారు. ఒకే పేరు, ఒకే టోకెను, ఒకే ఇల్లు, రెండు చావులు. 'ఒక మనిషి రెండుసార్లు ఎట్ల చస్తాడు? ఒకడినే రెండుసార్లు ఎక్కించినావు, చదివినదంతా ఇదేనా' అన్నారు. ఈయన, 'రెండూ నిజమే సార్' అన్నారు. సారు నవ్వినారు. 'నిజం ఎట్లన్నా ఉండనీప్పా, పట్టిక శుభ్రంగా ఉండల్ల. ఏదో ఒకటి తీసేసి చూపించు, పాస్ వేసి పోతాను' అన్నారు."

"పాస్ వేస్తానన్నాడా?"

"అన్నారు. నేను పక్కనే ఉన్నాను. పెదనాన్నగారిని తీసేస్తే ఏమీ అయ్యేది కాదమ్మా. పదిహేడో నంబరుకు పిల్లలు లేరు కదా. కన్ను కూడా గీటినాను, పదిహేడు అని. ఈయన చాలాసేపు చూసి, నలభై ఒకటి తీసేసినారు."

"వాళ్ల నాయన్నా?"

"వాళ్ల నాన్నగారినే. దాంతో పిల్లల పట్టికలో సెల్విన్ గారి పేరు, చెల్లెలు పేరు కూడా పోయినాయి. తండ్రి పోతే పిల్లలు కూడా పోయేటట్టు ఆయనే కట్టడి పెట్టుకున్నారు. అట్ల పెట్టొద్దండీ, అది ప్రమాదం అని నేను ముందే చెప్పినాను. తండ్రి లేని పిల్లలు పట్టికలో గాల్లో వేలాడకూడదు మేడం అన్నారు."

"మళ్లీ రాసుకునేదానికి లేదా?"

"ఇరవై నిమిషాలు టైము ఉండిందమ్మా. రెండు నిమిషాల పని. ఏదో కొట్టి, ఆగిపోయినారు. తరువాత కుర్చీ వెనక్కి జరిపి లేచినారు. పక్క బెంచీలో పిల్ల నీళ్ల బాటిలు తగిలి కింద పడింది. చప్పుడంటే అదొక్కటే. సారీ చెప్పి, బాటిలు తీసిచ్చి, వెళ్లిపోయినారు. సారు నన్ను అడిగినారు, ఈయనకు ఒళ్లు బాగాలేదా అని. సగంలో వదిలేసి పోయినదానికి మార్కులు వేయలేము అని గీత కొట్టినారు."

అదీ సంగతి. పగిలింది కంప్యూటరు కాదు, కనీసం ఆ నీళ్ల బాటిలు కూడా పగలలేదు. పోలీసులు రాలేదు. సొన్నమ్మకు ఇదంతా చెబితే, "ఇంతేనా?" అంది. బాటిలును కంప్యూటరు చేసింది ఎవరని అడిగితే తెలియదు అనలేదు, యథాప్రకారం.

డిగ్రీ పోయింది. జూన్ మొదటి వారంలో స్టోరు ఆఫీసులోకి బంగారుపేట నుంచి వచ్చే ఒక కుర్రపిల్లను తీసుకున్నారట. ఆ పిల్ల లోపలికి పోయేటప్పుడు గేటు దగ్గర పుస్తకంలో పేరు రాసేది సెల్వినే. హన్నమ్మ కొడుకుతో మాట్లాడుతుంది గానీ, నాతో లేదు. గోడ అవతల దగ్గు వినిపిస్తే నీళ్లు తాగుతావా హన్నీ అని పిలవబోయి ఆగిపోతున్నాను. సెల్విన్ ఎప్పటిలాగే తెల్లవారుతూనే రైలుకు పోతాడు. పుస్తకాలన్నీ సంచిలో కట్టి మంచం కిందికి తోసేశాడని, ఇప్పుడు రైలులో ఊరికే కిటికీ వైపు తిరిగి కూర్చుంటాడని ఆ రైలులో పోయేవాళ్లు చెప్పారు.

అన్నీ అందరినీ అడిగాను గానీ, సెల్విన్‌ను అడగలేదు. ఎవరినైనా ఏదైనా అడగడానికి నేను వెనకాడింది నా జన్మలో అదొక్కసారే. చివరకు పోయిన ఆదివారం మధ్యాహ్నం, వాకిట్లో కూర్చుని గేటు బూట్లకు పాలిష్ పెట్టుకుంటుంటే, హన్నమ్మ చర్చి నుంచి ఇంకా రాలేదని చూసుకుని, వెళ్లి పక్కన కూర్చున్నాను.

"సెల్వినూ, నన్ను తిట్టల్లంటే తిట్టప్పా."

"నిన్నెందుకు తిడతాను పెద్దమ్మా. నేను అడిగినాను, నువ్వు చెప్పినావు."

"అయితే ఒకటి అడుగుతాను. మేడం కన్ను గీటినా నువ్వు పెదనాయన్ను తీయలేదంట. ఆయనకు పెండ్లామూ లేదు, పిల్లలూ లేరు. తీసింటే అడిగే దిక్కే లేదు. మీ నాయన్ను ఎందుకు తీసినావు? పోనీ తీసినావు, ఇరవై నిమిషాలు ఉండింది గదా, మళ్లీ రాసేదానికేమి? నీ కుర్చీ గదప్పా అది."

బ్రష్షు ఆపాడు. బూటు లోపల చెయ్యి అట్లాగే ఉంచుకుని, దాని ముక్కు వైపు చూస్తూ చెప్పాడు.

"పేరు ఆయనది పెద్దమ్మా. టోకెనూ ఆయనదే. ఇరవై ఆరేండ్లకే పోయినాడు, ఆయన పేరు మీద మేమందరమూ తిన్నాము. ఇద్దర్లో ఒకరు పోవల్లంటే ఆయన్ను ఇంగోసారి యాడ తీసేది? నాయన్నే తీసినాను. మళ్లీ రాద్దామని నా పేరు కొట్టినాను కూడా. కంప్యూటరు తండ్రి నంబరు అడిగింది. ఎవరిది కొట్టల్ల?"